కంప్యూటర్‌లో మరో కంప్యూటర్... దానికి మాట వచ్చేదెలా?

చూపు లేని ఒక విద్యార్థికి విండోస్ బాగా అలవాటు. తెరపై ఉన్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ సాయంతో ఉత్తరాలు, లెక్కలు, ప్రోగ్రాములు అన్నీ సొంతంగా రాసుకోగలడు. ఇప్పుడు లినక్స్ కూడా నేర్చుకోవాల్సి వచ్చింది. ఇంట్లో ఉన్నది ఒక్కటే ల్యాప్‌టాప్. విండోస్ తీసేసి లినక్స్ వేస్తే, అది మాట్లాడకపోతే, ఉన్న ఆధారం కూడా పోతుంది. ఇలాంటివారికి వర్చువల్ మెషిన్ మంచి దారి. అయితే అందులో ఒక చిక్కుంది.

పాత ఆలోచన, కొత్త అవసరం

ఒకే యంత్రాన్ని అనేక యంత్రాలుగా పనిచేయించే ఆలోచన 1960లలో ఐబీఎం పరిశోధకులది. 1972లో ఆ సంస్థ వీఎం/370ని ప్రకటించింది. 1999లో వీఎంవేర్ దీన్ని వ్యక్తిగత కంప్యూటర్లకు తెచ్చింది. 2007లో వర్చువల్‌బాక్స్ వచ్చింది. అసలు కంప్యూటర్‌ను హోస్ట్ అనీ, లోపల నడిచేదాన్ని గెస్ట్ అనీ పిలుస్తారు. గెస్ట్‌కు ప్రాసెసర్, మెమొరీ, డిస్కు, సౌండ్ కార్డు అన్నీ ఉన్నట్టే ఉంటాయి. నిజానికి అవన్నీ హోస్ట్ తన వనరుల నుంచి పంచి ఇచ్చినవే.

బొమ్మను చదవలేని రీడర్

స్క్రీన్ రీడర్ తెరను కంటితో చూసినట్టు చూడదు. ప్రతి బటన్‌కూ, పెట్టెకూ ఒక పేరు, ఒక పాత్ర, ఒక స్థితి ఉంటాయి. ‘సేవ్, బటన్’, ‘టిక్ బాక్స్, ఎంపికైంది’ అన్నట్టుగా ఆ వివరాలను ఆపరేటింగ్ సిస్టమే అందిస్తుంది. 2006లో మైకేల్ కరన్ మొదలుపెట్టిన ఉచిత స్క్రీన్ రీడర్ ఎన్‌వీడీఏ విండోస్‌లో పనిచేసేది ఇలాగే.

వర్చువల్ మెషిన్ దగ్గర ఈ గొలుసు తెగిపోతుంది. గెస్ట్ తెర మొత్తం హోస్ట్‌కు చుక్కలతో నిండిన ఒక బొమ్మగానే చేరుతుంది. అందులో బటన్లున్నాయో, అక్షరాలున్నాయో హోస్ట్‌లోని ఎన్‌వీడీఏకు తెలియదు. కిటికీ పేరు చెప్పి ఊరుకుంటుంది.

మొదటి దారి: గెస్ట్‌కు సొంత గొంతు

గెస్ట్‌లోనే ఒక స్క్రీన్ రీడర్ నడవాలి. లినక్స్‌లోని గ్నోమ్ డెస్క్‌టాప్‌కు ఓర్కా ఉంది. ఇన్‌స్టాల్ చేసే దశ నుంచే మాట వినిపించాలంటే డెబియన్ అనుకూలం. దాని మొదటి మెనూలో ‘ఎస్’ కీ, తర్వాత ఎంటర్ నొక్కితే ఇన్‌స్టాలర్ మాట్లాడుతూ నడిపిస్తుంది. అంతకుముందే వర్చువల్ మెషిన్ సెట్టింగుల్లో ఆడియో ఆన్ చేసి ఉండాలి. లేదంటే గెస్ట్ మాట్లాడినా వినపడదు.

తర్వాతి తగాదా కీబోర్డుది. ఎన్‌వీడీఏ, ఓర్కా రెండూ ఇన్సర్ట్ కీనే తమ ఆదేశాలకు వాడతాయి. నొక్కిన కీ ఎవరికి చేరిందో తెలియక గందరగోళం. అందుకే కీబోర్డును గెస్ట్‌కు అప్పగించే ముందు, ఆ కిటికీ వరకు ఎన్‌వీడీఏను నిద్రపుచ్చాలి. డెస్క్‌టాప్ కీబోర్డు అమరికలో ఇందుకు ఇన్సర్ట్, షిఫ్ట్, ఎస్ కలిపి నొక్కాలి. వర్చువల్‌బాక్స్‌లో తిరిగి హోస్ట్‌కు రావడానికి కుడి కంట్రోల్ కీ ఉంది. రెండు రీడర్లకూ వేర్వేరు గొంతులు పెట్టుకుంటే ఏ యంత్రం మాట్లాడుతోందో చెవికి వెంటనే తెలిసిపోతుంది.

రెండో దారి: శబ్దం కాదు, అక్షరం

గెస్ట్ మాట నకిలీ సౌండ్ కార్డు మీదుగా, హోస్ట్ మీదుగా చెవికి చేరేసరికి కొంత ఆలస్యం కావచ్చు. వేగంగా పనిచేసేవారికి ఆ కాస్త ఆలస్యమూ విసుగే. కమాండ్లతో సాగే పనికైతే గెస్ట్‌ను తెర లేకుండా వెనుక నడిపి, ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా అందులోకి వెళ్లవచ్చు. అప్పుడు వచ్చేది బొమ్మ కాదు, అచ్చమైన అక్షరాలు. వాటిని హోస్ట్‌లోని ఎన్‌వీడీఏ హాయిగా చదువుతుంది. గెస్ట్ కూడా విండోసే అయితే ఎన్‌వీడీఏ 2025.1లో చేరిన రిమోట్ యాక్సెస్ ఇదే సూత్రంతో పనిచేస్తుంది. గెస్ట్ పలకాల్సిన మాట అక్షరాలుగా వచ్చి హోస్ట్ గొంతులో వినిపిస్తుంది.

తెలుగు మాటేమిటి?

ఎన్‌వీడీఏతో పాటే వచ్చే ఈస్పీక్ ఎన్‌జీకి తెలుగు, గుజరాతీ, హిందీ మూడూ వచ్చు. చదువుకునేది కర్నూలులో అయినా, సూరత్ దగ్గరి కామ్‌రేజ్‌లో అయినా, ఇంటి భాషనూ ఊరి భాషనూ ఒకే కంప్యూటర్‌లో వినవచ్చు. కాకపోతే దాని ఉచ్చారణ యంత్రంలాగే ఉంటుంది.

వర్చువల్ మెషిన్‌కు ఇంకో మేలు ఉంది. ఏదైనా మార్చే ముందు స్నాప్‌షాట్ తీసి పెట్టుకుంటే, ఆ తర్వాత గెస్ట్ మూగబోయినా పాత స్థితికి వెనక్కి వెళ్లవచ్చు. తెర చూసి చెప్పే మనిషి కోసం ఎదురుచూడక్కర్లేదు.

సమాచార సాంకేతికత దివ్యాంగులకు అందుబాటులో ఉండాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం చెబుతోంది. కాలేజీ ల్యాబ్‌లో ఇందుకు పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. అధ్యాపకులు ఒక్కసారి స్క్రీన్ రీడర్ ఆన్‌లో ఉన్న వర్చువల్ మెషిన్‌ను సిద్ధం చేసి, ఒకే ఫైలుగా ఎగుమతి చేసి విద్యార్థికి ఇస్తే చాలు. ఇంటికి వెళ్లి తెరిచిన మొదటి నిమిషం నుంచే అది మాట్లాడుతుంది.