పిడుదు కరిస్తే మూలుగ దాకా

ఛత్తీస్‌గఢ్‌లో ఆవపల్లి, ఉసూరు వైపు అడవి పల్లెల్లో కుక్క ఇంటికి కాపలా, అడవికి తోడు. మందుపాతరలు పసిగట్టే సీఆర్‌పీఎఫ్ జాగిలాలు తిరిగేదీ ఈ దారుల్లోనే. 2025 ఏప్రిల్‌లో కర్రెగుట్టల్లో రోలో అనే జాగిలం తేనెటీగలు కుట్టి చనిపోతే దేశమంతా వార్తయింది. చెవి మడతలో నక్కి రక్తం తాగే పిడుదు గురించి ఎవరూ రాయరు. కానీ మనలాంటి వేడి ప్రాంతాల్లో కుక్క ఎముకల్లోని మూలుగ దెబ్బతిందంటే ముందుగా అనుమానించాల్సింది దాన్నే. పిడుదు కాటుతో ఎర్లీకియా కేనిస్ అనే సూక్ష్మజీవి ఒంట్లోకి చేరుతుంది. 1935లో అల్జీరియాలో దీన్ని మొదట గుర్తించారు. వియత్నాం యుద్ధంలో అమెరికా సైనిక జాగిలాలు, ముఖ్యంగా జర్మన్ షెపర్డ్‌లు, ముక్కు నుంచి రక్తం కారుతూ వందకు పైగా చనిపోయాకే లోకం దీన్ని పట్టించుకుంది.

ఊరకుక్కల ఒంటినిండా పిడుదులే, వాటికేం కాలేదు కదా అంటారు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. మొదట కొన్నాళ్లు జ్వరం, నీరసం. ఆ తర్వాత కుక్క బాగానే తిరుగుతుంది, సూక్ష్మజీవి మాత్రం నెలలు, ఒక్కోసారి ఏళ్లు లోపలే ఉండిపోతుంది. అన్ని కుక్కలకూ జబ్బు ఆ దశ దాటి ముదరదు. ముదిరినవాటిలో కొన్నింటికి మూలుగ రక్తకణాల తయారీ ఆపేస్తుంది. ఎర్రకణం వంద రోజులకు పైగా బతుకుతుంది, ప్లేట్‌లెట్ మాత్రం వారం పదిరోజులే. అందుకే చిగుళ్లు పాలిపోకముందే పొట్ట చర్మం మీద సూదిమొనంత ఎర్రచుక్కలు కనబడవచ్చు. రక్తం తగ్గిందని ఐరన్ టానిక్ పట్టించడం మనకు అలవాటు. ఇక్కడ కొరత ఇనుముది కాదు, ఆ ఇనుమును వాడుకోవాల్సిన మూలుగే పనిచేయడం లేదు. డాక్సీసైక్లిన్ తొలిదశలో చక్కగా పనిచేస్తుంది, సాధారణంగా నాలుగు వారాలు వాడాలి. మూలుగ ఎండిపోయాక అదే మందుకు ఫలితం అంతంతమాత్రం.

క్యాన్సర్, పార్వో వైరస్, కొన్ని మందుల దుష్ప్రభావం కూడా మూలుగను కుంగదీస్తాయి, నిజమే. పిడుదులు కనబడ్డాయి కదా అని పశువైద్యుడికి చూపకుండా మాత్రలు వేయడం తప్పు. కణాల లెక్క తీయించాలి, అవసరమైతే మూలుగ నమూనా పరీక్షించాలి. అయితే మూలుగ పరీక్ష పల్లెకు అందేది కాదు, ఈ జబ్బుకు మనదేశంలో టీకా దొరకదు. అందుబాటులో ఉన్నది పిడుదుల నివారణే. అదీ కుక్క ఒంటితో ఆగదు. గోధుమరంగు పిడుదు బతుకులో ఎక్కువ కాలం కుక్క మీద కాకుండా గోడ పగుళ్లలో, కుక్క పడుకునే చోట గడుస్తుంది. ఆడది ఒక్క విడతలో వేల గుడ్లు పెడుతుంది, తిండి లేకపోయినా పెద్ద పిడుదు నెలల తరబడి ఆ పగుళ్లలోనే కాచుకుని ఉంటుంది.