టక్‌మన్నది ఎముక కాదు

జిరాఫీ మెడలో ఎన్ని పూసలో మన మెడలోనూ అన్నే, ఏడు. తలను పక్కకు తిప్పినప్పుడు దాదాపు సగం తిరుగుడు పైనున్న రెండు పూసల మధ్యే జరుగుతుంది.

మెడ 'టక్'మంటే పక్కకు జరిగిన ఎముక చోటుకొచ్చిందని చాలామంది నమ్మకం. నిజానికి కీలు విడినప్పుడు లోపలి ద్రవంలో ఒత్తిడి తగ్గి వాయువుతో నిండిన ఖాళీ ఏర్పడుతుంది. 2015లో కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయ పరిశోధకులు వేలి మెటిక విరుస్తూ ఎంఆర్‌ఐ తీసి, చప్పుడైన క్షణంలోనే ఆ ఖాళీని చూశారు.

క్షవరం అయ్యాక తల పట్టుకుని చటుక్కున తిప్పే అలవాటు మన సెలూన్లలో ఇంకా ఉంది. దయచేసి వద్దని చెప్పండి. మెదడుకు రక్తం తీసుకెళ్లే రెండు ధమనులు మెడపూసల పక్కనున్న రంధ్రాల గుండానే పైకి వెళ్తాయి. కుదుపుకు వాటి గోడ చిరిగి బ్రెయిన్ స్ట్రోక్ రావడం అరుదే, కానీ వచ్చినవాళ్లున్నారు. 2022లో హైదరాబాద్‌లో ఒకావిడకు బ్యూటీపార్లర్‌లో తల కడిగించుకుంటూ మెడ వెనక్కి వాల్చినప్పుడే కళ్లు తిరిగి వాంతులయ్యాయి. చివరికి అది స్ట్రోక్ అని తేలింది. మెడ నొప్పితో పాటు చేతులు తిమ్మిరెక్కుతున్నా, నడక తూలుతున్నా మాలిష్ జోలికి పోకుండా ముందు డాక్టరుకు చూపించాలి.

ఫిజియోథెరపిస్టు చేసే మాన్యువల్ థెరపీ, అంటే చేతులతో చేసే చికిత్సలో చాలా భాగం ఇలాంటి కుదుపు కాదు. బోర్లా పడుకోబెట్టి, రెండు బొటనవేళ్లు పూస గుబ్బ మీద ఆనించి, లయగా నొక్కి వదులుతారు. ఆస్ట్రేలియాకు చెందిన జెఫ్రీ మెయిట్‌లాండ్ ఈ ఒత్తిడికి నాలుగు మెట్లు పెట్టారు. నొప్పి ఎక్కువైతే కింది మెట్లు, బిగుసుకుపోతే పై మెట్లు.

మెడ నొప్పికి వీపు పైభాగంలో ఈ చికిత్స చేసినా కొందరికి ఉపశమనం దొరుకుతుంది.

మసాజ్‌కూ మోతాదుంది. మూడు నెలలు దాటిన నొప్పిని దీర్ఘకాలికం అంటారు. అలాంటి నొప్పి ఉన్న 228 మందిపై అమెరికాలో చేసిన పరిశోధన ఫలితాలు 2014లో వచ్చాయి. వారానికి రెండు మూడుసార్లు గంటసేపు చేయించుకున్నవారికి గుణం బాగా కనిపించింది. అరగంట మసాజ్‌తో చెప్పుకోదగ్గ మేలు జరగలేదు.

నా దృష్టిలో అసలు విశేషం 2002 నాటిది. ఆస్ట్రేలియాలో గ్వెన్ జల్ బృందం, మెడ వల్ల తలనొప్పి వచ్చే 200 మందిని పరీక్షించింది. చేతి చికిత్సా పనిచేసింది, వ్యాయామమూ పనిచేసింది. ఏడాది తర్వాత కూడా ఆ మేలు నిలిచింది. వ్యాయామం చూడటానికి చిన్నదే. వెల్లకిలా పడుకుని, మెడ కింద గాలి నింపిన చిన్న సంచి పెట్టుకుని, 'ఊఁ' అన్నట్టు గడ్డాన్ని మెల్లగా దించాలి. సంచికున్న ఒత్తిడి మీటరు ముల్లు 20 నుంచి 22కు రావాలి, అక్కడ పది సెకన్లు ఆగాలి. తర్వాత 24, అలా 30 దాకా. మెడ ముందువైపు లోతుగా ఉండే కండరాలు అలా బలపడతాయి. ఫిజియో దగ్గరికి వెళ్లినప్పుడు దీన్ని అడిగి నేర్చుకోండి.