చేతికి తగిన ఆరె

బతుకమ్మ పండగొస్తే తంగేడు పూల కోసం డాలస్‌లోనూ లండన్‌లోనూ మీ అమ్మలు పడే తిప్పలు మీకు తెలుసు. అవి దొరక్క చివరికి పసుప్పచ్చ చామంతులతో సరిపెట్టుకుంటారు. తెలంగాణ 2014లో తన రాష్ట్ర పుష్పంగా ఎంచుకున్నది ఆ తంగేడునే. ఆ చెట్టు బెరడుకు మరో చరిత్ర ఉంది. తంగేడు చెక్కను దంచి నీళ్ళలో నానేసి, ఆ రసంలో పశువు తోలును రోజుల తరబడి ఊరబెడితే అది కుళ్ళదు, ఎండినా పెళుసెక్కదు. మన పల్లెల్లో తోలు ఊరే ఆ గుంతను లంద అనేవారు. తుమ్మ చెక్క, కరక్కాయ కూడా అందులో పడేవి. ఇవాళ మీ ఊళ్ళో క్రాఫ్ట్ షాపులో ‘వెజిటబుల్ టాన్డ్’ అని రాసి ఉన్న తోలు ముక్క వెనక పనిచేసిందీ ఇదే రసాయనం. బెరడులోని టానిన్ తోలులోని కొల్లాజెన్ పోగులను గట్టిగా పట్టి నిలబెడుతుంది.

పల్లెల మాట వచ్చింది కాబట్టి, పోచారం అంటే మీకు ఇన్ఫోసిస్ క్యాంపస్, సింగపూర్ టౌన్‌షిప్ గుర్తొస్తాయి. హైదరాబాద్‌ ఉప్పల్ చౌరస్తా నుంచి వరంగల్ రోడ్డు పట్టుకుంటే ఘట్‌కేసర్ రాకముందే తగులుతుంది. అద్దాల భవనాలు లేవకముందు పోచారమూ చుట్టుపక్కలా సేద్యపు పల్లెలే. తెలంగాణ పల్లెల్లో బావి నీళ్ళు తోడిన మోట బొక్కెన, ఎద్దుల మెడ పట్టీలు, కిర్రు చెప్పులు, డప్పు, అన్నీ మాదిగల చేతి మీదుగా వచ్చినవే. ఆ పని వాళ్ళకు అప్పజెప్పి, ఆ పని చేస్తున్నారనే వాళ్ళను ఊరికి ఎడంగా ఉంచారు. కవి జాషువా 1941లో ‘గబ్బిలం’ రాసినప్పుడు చెప్పులు కుట్టి బతికే మనిషినే కావ్యనాయకుణ్ణి చేశాడు. మీరుండే దేశాల్లో ఇదే పని శని ఆదివారాల సరదా, చేత్తో కుట్టిన బెల్టుకు మంచి ధర. ఆ ధర న్యాయమే. మొదటి తోలు ముక్క చేతిలోకి తీసుకునే ముందు, మన దగ్గర ఆ ధర రాని చేతులు ఎవరివో తెలుసుకుని తీసుకోండి.

ఆ చేతులు ఎలా పనిచేస్తాయో ఈసారి ఇండియా వచ్చినప్పుడు దగ్గర నుంచి చూడండి. ఉప్పల్, నాచారం వైపు రోడ్డు పక్కన చెట్టు నీడలో చెప్పులు కుట్టేవాళ్ళు ఇప్పటికీ కనిపిస్తారు. నేల మీద కూర్చుని, చెప్పును రెండు పాదాల మధ్య ఇరికించి, బొటనవేలితో అంచు నొక్కిపెడతారు. కుడిచేతిలో తోలును గుచ్చే పనిముట్టు, ఆరె, ఉంటుంది. దాని మొన దగ్గర చిన్న కొక్కెం. ఆరె తోలులోకి దిగుతుంది. అడుగున ఎడమచెయ్యి దారాన్ని ఆ కొక్కేనికి తగిలిస్తుంది. ఆరె వెనక్కి వస్తూ దారాన్ని ఉచ్చులా పైకి లాగుతుంది. ఆ ఉచ్చులోంచి రెండో కొస దూర్చి రెండు వైపులా లాగితే కుట్టు బిగుస్తుంది. బల్ల లేదు, క్లాంపు లేదు, పాదమే ఆ పని చేస్తోంది. ఆరె పిడి ఉబ్బుగా, అరచేతిలో ఒదిగేలా ఉంటుంది, ఎందుకంటే తోస్తున్నది అరచెయ్యి.

ఉన్న ఒంటితో పనిని ఎలా కుదుర్చుకోవాలన్నదే తోలు పనిలో మొదటి పాఠం. అందుకే ఒక చెయ్యి పనిచేయని పిల్లలూ, పక్షవాతంతో ఎడమచెయ్యి పడిపోయిన అమ్మమ్మలూ, కీళ్ళవాతంతో వేళ్ళు వంకరపోయిన పెద్దమ్మలూ ఈ పనికి పనికిరారనే మాటను నేను ఒప్పుకోను. పనిముట్టును ఒంటికి తగ్గట్టు మార్చుకోవడం ఈ వృత్తిలో మొదటి నుంచీ ఉన్నదే.

ముందు తోలు సంగతి. అమెరికాలో మందాన్ని ఔన్సుల్లో చెబుతారు. ఒక ఔన్సు అంటే సుమారు 0.4 మిల్లీమీటరు. కార్డుల సంచికి రెండు మూడు ఔన్సులు చాలు, బెల్టుకు ఎనిమిది నుంచి పది కావాలి. బెల్టుతో మొదలుపెట్టకండి. మందపాటి తోలు కోయడానికి బలం కావాలి, బలం ఎక్కువ పెట్టినచోటే కత్తి జారుతుంది. ముందే కోసి, రంధ్రాలు వేసి అమ్మే చిన్న కార్డుల సంచి కిట్టు తెచ్చుకోండి. కుట్టు చేతికి వచ్చాక కోత నేర్చుకోవచ్చు. మైనం పట్టించిన దారాన్ని కుట్టాల్సిన పొడవుకు నాలుగింతలు తీసుకోండి. మధ్యలో చాలకపోతే అతుకు వెయ్యడం కొత్తవాళ్ళకు విసుగు.

సాడిల్ స్టిచ్ అని పేరున్న జీను కుట్టుకు రెండు సూదులు, రెండు చేతులు కావాలంటారు. ఒంటిచేతి వాళ్ళు దాన్ని విడగొట్టి చెయ్యొచ్చు. బల్లకు బిగించే చిన్న వైస్ కొని, దాని దవడలకు తోలు ముక్కలు అంటించి, పనిని అందులో నిలబెట్టండి. ఒకే సూదితో ఒక రంధ్రం విడిచి ఒకటి కాకుండా, వరసగా ప్రతి రంధ్రంలోంచి పైకీ కిందికీ దూరుస్తూ చివరిదాకా వెళ్ళండి. తర్వాత అదే దారంతో అవే రంధ్రాల్లోంచి వెనక్కి రండి. మొదటిసారి ఖాళీగా మిగిలిన చోట్లు రెండోసారి నిండుతాయి. చూడటానికి జీను కుట్టులాగే ఉంటుంది, గట్టిదనంలోనూ దానికి దగ్గరే. కుట్టే ముందు రెండు పొరలకూ అంచున జిగురు రాసి అతికించుకుంటే ముక్కలు జారవు. ఆ జిగురు ఘాటైనది, కిటికీ తెరిచి పెట్టుకోండి. సూదికి దారం ఎక్కించడానికి సూదిని ఒక బెండు ముక్కలో గుచ్చి నిలబెడితే ఒక చెయ్యి చాలు. సూది బిగుసుకుంటే చిన్న పట్టకారుతో లాగండి, పళ్ళతో వద్దు.

కోత దగ్గర ఇంకా జాగ్రత్త. స్టీలు స్కేలుకు అడుగున బెండు పొర ఉన్నది ఎంచుకుని, రెండు కొసలనూ క్లాంపులతో బల్లకు బిగించండి. సగం చెయ్యి ఉన్నవాళ్ళు ఆ మొండిభాగంతో స్కేలు నొక్కిపెట్టాలని చూస్తారు. చర్మం పలచగా ఉండే ఆ చోటికి కత్తి దారి చూపించినట్టే అవుతుంది. ఒక్క దెబ్బతో తెగాలని పట్టుబట్టకుండా మూడు నాలుగుసార్లు తేలిగ్గా గీస్తే చాలు. కత్తి మొద్దుబారితే బలం ఎక్కువ కావాలి కాబట్టి పదును ఎప్పుడూ చూసుకోండి.

పట్టు లేని వేళ్ళకు శ్రావణంలా నొక్కి రంధ్రం వేసే పంచ్ వద్దు. కీళ్ళవాతం ఉన్నవాళ్ళు గంటసేపు దాన్ని వాడితే మర్నాడు గ్లాసు కూడా పట్టుకోలేరు. దానికి బదులు ఆర్బర్ ప్రెస్ అనే చిన్న మర కొనండి. పొడుగాటి మీటను ముంజేత్తోనో భుజం బరువుతోనో కిందికి నొక్కితే రంధ్రం పడుతుంది. గూటంతో కొట్టే శబ్దమూ ఉండదు, అపార్ట్‌మెంట్లో కింది వాటావాళ్ళు తలుపు తట్టరు. ఆరెకూ కత్తికీ పిడులు సన్నగా ఉంటే పాత సైకిల్ ట్యూబు చుట్టి లావు చేసుకోండి. చేతులు వణికేవాళ్ళకు బరువైన పనిముట్టు నయం, తేలికదాన్ని వణుకు ఎటంటే అటు తిప్పేస్తుంది.

చూపు తక్కువగా ఉంటే కుట్టుగీతను పెన్నుతో కాకుండా గాడిగా తవ్వండి. గ్రూవర్ అనే పనిముట్టు ఆ పని చేస్తుంది. గాడి వేలికి తగులుతుంది, కళ్ళతో పని లేకుండానే సూది దాని వెంట నడుస్తుంది. నల్లతోలుకు తెల్లదారం వాడండి. బొత్తిగా చూపు లేనివాళ్ళు పెద్ద రంధ్రాల్లోంచి సన్నటి తోలు పట్టీని అల్లే పనితో మొదలుపెడితే అందంగానూ వస్తుంది.

చక్రాల కుర్చీలో కూర్చునేవాళ్ళకు ఒక ముఖ్యమైన మాట. కుట్టుపని పట్టి ఉంచే కర్ర దవడలు చాలావరకు తొడ కింద పెట్టుకుని కూర్చునేలా చేస్తారు. వెన్నుకు దెబ్బ తగిలి తొడలో స్పర్శ లేనివాళ్ళకు ఆ కర్ర ఒత్తిడి తెలియదు. గంట తర్వాత తీసి చూస్తే పుండు మొదలై ఉంటుంది. బల్లకు బిగించేదే కొనండి. ఒళ్ళో మందపాటి ఏప్రన్ పరుచుకోండి. కత్తి జారితే పట్టుకోబోకండి, పడనివ్వండి.

స్పర్శ లేని ఒంటి గురించి పోచారం పక్కనే ఉన్న చర్లపల్లికి తెలిసినంత మన నగరంలో కొద్ది చోట్లకే తెలుసు. లెప్రా సంస్థకు చెందిన బ్లూ పీటర్ ప్రజారోగ్య పరిశోధన కేంద్రం అక్కడ ఉంది. బ్రిటన్‌లో పెరిగినవాళ్ళు ఆ పేరు చూసి ఆశ్చర్యపోతారు. బీబీసీ పిల్లల కార్యక్రమం బ్లూ పీటర్ చూసేవాళ్ళు పోగుచేసిన విరాళాలతో కట్టారు కాబట్టే ఆ పేరు. కుష్ఠు మీద పనిచేసే కేంద్రం అది.

కుష్ఠు క్రిమి నరాలను దెబ్బతీస్తుంది. వేళ్ళు రోగం వల్ల ఊడిపోవు. నొప్పి తెలియక రాయి గుచ్చుకున్నా, చెప్పు కరిచినా, వేడి గిన్నె పట్టుకున్నా అలాగే ఉండిపోవడం వల్ల పుండ్లుపడి పాడైపోతాయి. తమిళనాడు కొల్లి మలల్లో 1914లో పుట్టిన శస్త్రవైద్యుడు పాల్ బ్రాండ్, వెల్లూరులో ఏళ్ళ తరబడి రోగుల చేతులనూ పాదాలనూ పరిశీలించి ఈ సంగతి లోకానికి నచ్చజెప్పారు. ఇలాంటి పాదాలకు మందు ఒక చెప్పు. మైక్రో సెల్యులార్ రబ్బరు అట్ట, అడుగు బరువుకు మెత్తగా అణిగి ఒత్తిడిని పాదమంతటికీ పంచుతుంది. దాని కింద ముల్లు దిగని గట్టి రబ్బరు. పైన వెడల్పాటి పట్టీలు, వాపుకు తగ్గట్టు సర్దుకునేలా. మడమ వెనక ఇంకో పట్టీ, ఎందుకంటే స్పర్శ లేని కాలు చెప్పును పట్టి ఉంచలేదు. బొటనవేలి ఉంగటం పెట్టరు, అది వేళ్ళ సందు ఒరుస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఒక్క మేకు కూడా కొట్టరు. రోడ్డు పక్క చెప్పు బాగు చేయించుకుంటే పడే చిన్న మేకు మీకు వెంటనే గుచ్చుకుంటుంది, తీయించేస్తారు. వాళ్ళకు అది ఎముకదాకా వెళ్ళినా తెలియదు. కాబట్టి కుట్టు, జిగురు, అంతే.

ఆ చెప్పుకు ఇంకో చిక్కు ఉండేది. అందరికీ ఒకేలాంటి నల్లచెప్పు ఇవ్వడంతో అది చూసి ఊరంతా ‘కుష్ఠు మనిషి’ అని గుర్తుపట్టేది. దాంతో చాలామంది దాన్ని అటక మీద పెట్టి వట్టి కాళ్ళతో నడిచేవారు. బజారులో దొరికే చెప్పుల్లా కనిపించే నమూనాలు వచ్చాకే అవి కాళ్ళకెక్కాయి. అందం కూడా వైద్యంలో భాగమేనని దాన్ని బట్టి నాకు అర్థమైంది. మధుమేహంతో పాదాల స్పర్శ పోయిన మీ తాతయ్యలకు కావలసిన చెప్పుకూ ఇవే సూత్రాలు. చెన్నైలో 1948 నుంచి ఉన్న కేంద్ర తోళ్ళ పరిశోధన సంస్థ అలాంటి చెప్పులను రూపొందించింది.

మీ చేతుల్లోనే స్పర్శ తక్కువగా ఉంటే తోలు పని మానక్కర్లేదు. కానీ నొప్పి చేసే కాపలాను కళ్ళకు అప్పజెప్పాలి. ప్రతి ఇరవై నిమిషాలకూ పని ఆపి అరచేతులూ వేళ్ళ సందులూ చూసుకోండి. ఎర్రబడ్డ చోటు కనిపిస్తే ఆ రోజుకు ఆపేయండి. వేలికి అంగుష్ఠానం తొడగండి. వేడిచేసి వాడే పనిముట్ల జోలికి పోకండి.

1968లో జైపూర్‌లో వైద్యుడు పి.కె. సేఠీ, పెద్ద చదువు లేని శిల్పి రామచంద్ర శర్మ కలిసి చేసిన జైపూర్ కాలు కథ కూడా ఆ చెప్పు కథలాంటిదే. అప్పటిదాకా దొరికిన కృత్రిమ కాళ్ళు బూట్లు వేసుకుని కుర్చీలో కూర్చునేవాళ్ళకు సరిపోయేవి. మనవాళ్ళు గొంతుక్కూర్చోవాలి, వట్టికాళ్ళతో పొలం గట్టున నడవాలి. ఆ అవసరాలు తెలిసిన చేతిపనివాడు తోడుండబట్టే వాటికి తగ్గ కాలు తయారైంది.

చేయి తిరిగాక ఏం చెయ్యాలంటారా? కార్డుల సంచులు బోలెడు వస్తాయి. చేతికర్ర జారిపోకుండా మణికట్టుకు వేసుకునే పట్టీ చెయ్యండి. చక్రాల కుర్చీ చేతుల మీద తొడుగు కుట్టండి. వేళ్ళతో పట్టుకోలేనివాళ్ళ కోటు జిప్పుకు పెద్ద తోలు ఉంగరం వెయ్యండి, చిన్న పనే అయినా పొద్దున్నే ఎవరి సాయమూ లేకుండా కోటు వేసుకోవచ్చు. వాడే మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని అడిగి, కొలిచి చెయ్యండి.

మీ సంఘం వేసవి శిబిరాల్లో కూచిపూడికీ తెలుగు బడికీ ఇచ్చే గదుల్లో ఒకటి ఈ పనికి అడగండి. కుర్చీ చక్రాలు కిందికి పట్టే బల్ల ఒకటి, వైస్ ఒకటి, ఆర్బర్ ప్రెస్ ఒకటి ముందు కొని, అలంకారపు ముద్రల సెట్లు తర్వాత చూసుకోండి. మన దగ్గరి నుంచి చెప్పులు కుట్టే పనివాళ్ళతో వీడియోలో పాఠం చెప్పించండి. ఆ పాఠానికి కూచిపూడి గురువుగారికి ఇచ్చినంత ఇవ్వండి.