అది కలుపు కాదు, జెముడు పిల్ల!

డ్రాగన్ ఫ్రూట్ కోసినప్పుడు ఆ నల్లగింజల్ని కడిగి కుండీలో చల్లడం ఇప్పుడు పిల్లలకో సరదా. పదిపదిహేను రోజుల్లో గుబురుగా మొలుస్తాయి. చిక్కు అప్పుడే మొదలవుతుంది.

"మాస్టారూ, జెముడైతే ముళ్లేవీ? ఇది గంగవావిలి. పీకి పారేస్తాను" అన్నారు మా పక్కింటి మామ్మగారు. కుండీకి అడ్డంగా మనవడు. వాడి కళ్లనిండా నీళ్లు.

రెండు మూడు వారాలు గడువు అడిగాను. జెముడు కూడా రెండు బీజదళాలతోనే పుడుతుంది మరి! డ్రాగన్ పిల్లకూ నాగజెముడు పిల్లకూ అవి దళసరి ఆకుల్లాగే విచ్చుకుంటాయి. బంతిలా పెరిగే మామిల్లేరియాకైతే ఆకు జాడే కనిపించదు; చిన్న పచ్చగుండు, నెత్తిన రెండు బొడిపెలు, అంతే.

చూడవలసింది ఆ రెండు దళాల సందున. గంగవావిలి అయితే ఎర్రటి కాడ, మళ్లీ ఆకులు. జెముడైతే చిన్న మొటిమ లేస్తుంది. భూతద్దంతో చూడండి: దానిమీద దూదిపింజల్లాంటి మెత్తలు, ఒక్కొక్క మెత్తనుంచి వెంట్రుకల్లాంటి ముళ్ల గుత్తి. ఆ మెత్తే ఈ వంశానికి ఇంటిపేరు.

మన భాష మాత్రం ఈ ఇంటిపేరు పట్టించుకోలేదు. గిల్లితే పాలు కారే ఆకుజెముడునూ జెముడే అంది. నిజానికది ఆముదానికి చుట్టం. నాగజెముడేమో అమెరికా ఖండాలనుంచి వచ్చింది.

ఇక ఏ రకం జెముడో పిల్లముళ్లను చూసి తేల్చబోకండి. పెద్దయ్యాక వాటి రూపే మారిపోవచ్చు. గింజ చల్లిన రోజే పేరూ తేదీ రాసి కుండీలో గుచ్చండి, పెన్సిలుతో. సిరా అయితే నీళ్లకు చెరిగిపోతుంది.