మండుచున్న ఇంజను గోడ యేల కరగదు?

వేసవి మధ్యాహ్నమున దుత్తలూరులో ఎండకు కాగిన యినుప గేటును తాకిన బాలునకు, లోహము వేడిని ఎంత త్వరగా చేతికందించునో వేరుగా చెప్పనక్కరలేదు. అట్లయిన, మన సీమకు ఆగ్నేయమున సముద్రతీరమందలి శ్రీహరికోటనుండి 2023 జూలై 14న చంద్రయాన్-3ను గొనిపోయిన ఎల్‌వీఎం-3 రాకెట్టు పైదశలోని సీఈ-20 ఇంజనులో, సుమారు 3,000 డిగ్రీల జ్వాలావాయువుల నావరించియున్న లోహకుడ్యము కరగకుండుటెట్లు? ఆ గోడలో సన్నని కాలువలు గలవు. సున్నకు దిగువ సుమారు 250 డిగ్రీల శీతలముగల ద్రవ హైడ్రోజన్ వానిలో ప్రవేశించి, గోడ పీల్చిన వేడిని తాను గైకొనును.

దీనిని కంప్యూటరుపై ముందే లెక్కించుటకు వాయువును, గోడను, ద్రవమును అసంఖ్యాకములైన చిన్న గడులుగా విభజింతురు. ఘనపదార్థమున అణువులు తమ స్థానమును వీడవు గనుక, 1822లో ఫోరియే ప్రకటించిన ఉష్ణవహన సూత్రము చాలును. ప్రవాహమునందు ద్రవ్యమే కదలుచు వేడిని మోసికొనిపోవును గావున, వేగమును, పీడనమును, సుడులను గూడ లెక్కింపవలెను.

ఈ రెండు లెక్కలు కలియు సరిహద్దే అసలు కీలకము. అచ్చట ఇరువైపుల ఉష్ణోగ్రత ఒక్కటియే కావలెను. ఒకవైపు విడిచిన వేడినంతయు రెండవవైపు గ్రహింపవలెను. గోడ ఉష్ణోగ్రత తెలియక ప్రవాహము తేలదు, ప్రవాహము తెలియక గోడ తేలదు; కావున ఒక ఊహతో ఆరంభించి, ఒకదాని ఫలితమును రెండవదాని కందించుచు, తేడా మిక్కిలి స్వల్పమగువరకు మరల మరల గణింతురు. గోడ నానుకొనిన పలుచని పొరలో ఉష్ణోగ్రత అతివేగముగా మారును. అచ్చట గడులు పెద్దవయినచో, కరగిపోవు గోడయు లెక్కలో చల్లగా కనబడవచ్చును.