పరీక్షల పిమ్మట పుస్తకము

చదువు రెండు విధములు. అడిగినవారికి సమాధానము చెప్పుటకై చదువునది యొకటి. ఎవరును అడుగకున్నను చదువునది రెండవది. మొదటి దానియందు ఆరితేరిన విద్యార్థి రెండవదానిని మరచుట నేడు సర్వత్ర కనబడుచున్నది. భిలాయి ఉక్కునగరమందలి తెలుగు కుటుంబములలో ఈ మరపునకు మరియొక నష్టము తోడగుచున్నది. పరీక్షలు ముగించిన విద్యార్థి యే పుస్తకము చేతబట్టవలెనను ప్రశ్న, అచట ఏ భాషలో చదువవలెనను ప్రశ్నతో పెనవేసికొని యున్నది.

1955 ఫిబ్రవరిలో సోవియట్ ప్రభుత్వముతో కుదిరిన ఒడంబడికను అనుసరించి దుర్గు జిల్లాలో ఈ కర్మాగారము వెలసెను. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాదు మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించిరి. ఆనాడు మధ్యప్రదేశమున నున్న ఈ నగరము 2000 నవంబరు 1 నుండి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమునకు చెందినది. విజయనగరమును రాయపురముతో కలిపెడి రైలుమార్గము 1931లోనే పూర్తియగుటచే ఉత్తరాంధ్రమునకు ఈ ప్రాంతము దూరము కాలేదు. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము వైపులనుండి పెక్కుమంది పనికై వచ్చి యిచటనే స్థిరపడిరి. వారి పిల్లలకు బడిలో బోధన హిందీలోనో, ఇంగ్లీషులోనో జరిగెను. కావున తాత తెలుగు చదువును, వ్రాయును. తండ్రి తడవుకొనుచు చదువును. మనుమడు వినును, మాటలాడును, కాని చదువలేడు. పెక్కు ఇండ్లలో స్థితి యిదియే.

ఈ నగరము పోటీపరీక్షలకు పేరు పొందినది. పండ్రెండవ తరగతి పరీక్షలు, ఇంజనీరింగు, వైద్య ప్రవేశపరీక్షలు ఒకదాని వెనుక నొకటిగా వేసవి నడిమివరకు సాగును. వానికై రెండేండ్లు శ్రమించినవాడు వాక్యమును చూచినంతనే అందు సమాధాన మెచటనున్నదని వెదకుటకు అలవాటు పడును. అడుగనిదానిని దాటిపోవును. కథ రుచియో, ఆ యడుగనిదానియందే యుండును. ఒక పాత్ర తలుపు తీసిన తీరు, మాట మధ్య ఆగిన క్షణము ఏ ప్రశ్నపత్రములోను రావు. కావున పరీక్షానంతర పఠనము మొదట ఆ వెదకులాటనుండి మనస్సును విడిపించునదిగా నుండవలెను.

ఇచట పెద్దలు సద్బుద్ధితోనే చేయు పొరపాటొకటి కలదు. తెలుగు చదువగోరిన బాలునకు వారు అన్నిటికంటె గొప్పదని తలచిన గ్రంథమును అందింతురు. విశ్వనాథ సత్యనారాయణగారి ‘వేయిపడగలు’ మహానవలయే, సందేహము లేదు. కాని అక్షరములు కూడబలుకుకొనువానికి అది మరియొక పాఠ్యప్రణాళికగా తోచును. ఇరువది పుటలు చదివి మూసివేయును. తెలుగు తనకు రాదని నిశ్చయించుకొనును. పుస్తకము తప్పు లేదు, చదువరి తప్పును లేదు, వరుస తప్పినది.

అట్టివాడు మొదట చెవినిబట్టి పుస్తకము నెన్నుకొనవలెను. ఇంట వినెడి పలుకుబడి పుటపై కనబడినచో సగము శ్రమ తీరును. భిలాయి తెలుగువారిలో పెక్కుమందికి ఆ పలుకుబడి ఉత్తరాంధ్రమునది; అదృష్టవశమున అది సాహిత్యమున సుసంపన్నమైనది. గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కము’ 1897లో అచ్చయి, పెక్కు మార్పులతో 1909లో మరల వెలువడినది. దాని ప్రారంభము విజయనగరమున; వేళ సెలవుల ముందుది; వెంకటేశము పరీక్ష తప్పిన విద్యార్థి. ఇంతకంటె సమయోచితమైన ప్రవేశ మేది? ఇంగ్లీషు ముక్కలతో గిరీశము వేయు కోతలు ఇంగ్లీషు బడిలో చదివినవానికి మరింత నవ్వు పుట్టించును. నాటకమగుటచే దానిని ఇంటిల్లిపాది పాత్రలు పంచుకొని పైకి చదువవచ్చును. ఆపై చాగంటి సోమయాజులు, రాచకొండ విశ్వనాథశాస్త్రిగార్ల కథలు ఆ ప్రాంతపు పలుకునే మరింత లోతుగా వినిపించును.

రెండవది కొలత. పట్టు చిక్కువరకు చిన్నవి చదువుట మేలు. సత్యం శంకరమంచిగారి ‘అమరావతి కథలు’ నూరు. 1979లో రాష్ట్ర సాహిత్య అకాడమీ బహుమానము పొందినవి. ఒక్కొక్కటి ఒక్క కూర్చుండుటలో ముగియును. ముగించితినను తృప్తియే మరియొకదానికి పిలుచును. తరువాత మొక్కపాటి నరసింహశాస్త్రిగారి ‘బారిష్టరు పార్వతీశము’ మొదటి భాగము తగును. మొగలితుఱ్ఱునుండి ఇంగ్లండునకు చదువుకై బయలుదేరిన యువకుని అమాయకత్వమే అందలి హాస్యమునకు మూలము. కొలది వారములలో దూరపు కళాశాలకు పెట్టె సర్దుకొనవలసిన విద్యార్థి, ఆ నవ్వులో తన భయమును కూడ చూచుకొనును.

విజ్ఞానశాస్త్ర విద్యార్థికి కథలయందే ఆసక్తి యుండవలెనన్న నియమము లేదు. సోవియట్ సహాయముతో లేచిన ఈ నగరమునకు సోవియట్ ముద్రణాలయములు కూడ పరాయివి కావు. మాస్కోలో తెలుగు పుస్తకములే అచ్చయి చౌకగా మన దేశమునకు వచ్చుచుండెను. ఉప్పల లక్ష్మణరావుగారు అచటనే యుండి అనువాదములు చేసిరి. 1991లో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమగుటతో ఆ ప్రవాహము నిలిచినది గాని, నాటి సంపుటములు పాత అలమారలలో నింకను దొరకును. పెరెల్మాన్ 1913లో వెలువరించిన వినోద భౌతికశాస్త్ర గ్రంథమువంటిది చదివినచో, మార్కులకై బట్టీపట్టిన సూత్రమే ఆటవస్తువగును.

ఇక లిపి. దేవనాగరి నేర్చినవానికి తెలుగు వర్ణమాల వరుస కొత్తది కాదు. అ ఆ ఇ ఈ, క ఖ గ ఘ క్రమ మొక్కటే, ఆకారములే వేరు. ఎ, ఒ అను హ్రస్వములు అదనము. వత్తు అక్షరము క్రిందికి దిగును. రెండేండ్లు గణితము సాధించినవానికి ఇది పెద్ద యాటంకము కాదు. అంతవరకు హిందీలో చదువుటయు లోపము కాదు. పొరుగుననే యున్న రాజనాందగాఁవ్‌లో ముక్తిబోధ్ అధ్యాపకులుగా నుండిరి; అచటనే పుట్టిన వినోద్ కుమార్ శుక్ల 1979లో ‘నౌకర్ కీ కమీజ్’ వెలువరించిరి. నివసించు నేల సాహిత్యము నెరుగుట స్వభాషకు ద్రోహము కాదు. ఒక భాషలో రుచి మరగినవాడు రెండవదానిలో దానినే వెదకును.

నచ్చని పుస్తకమును నడుమ విడుచు స్వేచ్ఛ యన్నిటికంటె ముఖ్యము. గ్రంథాలయ శాస్త్రజ్ఞుడు రంగనాథన్ 1931లో ప్రకటించిన పంచసూత్రములలో, ప్రతి పఠితకును అతని పుస్తక ముండునని యొకటి, ప్రతి పుస్తకమునకును దాని పఠిత యుండునని యింకొకటి. విడిచిన పుస్తకము ఓటమి కాదు; అది వేరొక పఠితకై వేచియున్నదనుటయే. గుర్తులు వ్రాసికొనవలదు, సారాంశము చెప్పుమని పెద్దలు అడుగవలదు. అడిగినచో అది మరల పరీక్షయే యగును.

వేసవిలో స్వగ్రామమునకు పోవువారు శ్రీకాకుళమున కాళీపట్నము రామారావుగారు 1997లో నెలకొల్పిన కథానిలయమును చూడవచ్చును. కాని ప్రయాణమునకు ముందే, ఇంటిలోనే పని యారంభింపవచ్చును. చదువగల తాత, వినగల మనుమడు ఒకే కప్పు క్రింద నుండుట చిరకాలము సాగెడిది కాదు. కర్మాగారమునుండి విశ్రాంతి పొందిన పెద్ద రోజున కొక కథ పైకి చదువగా, ప్రక్కన కూర్చున్న పిల్లవాడు ఆ పంక్తులపై వ్రేలు నడిపినచో, సెలవు ముగియునప్పటికి పుస్తకము ఒక చేతినుండి మరియొక చేతికి మారును. అట్లు మారనిచో అలమారలోని తెలుగు పుస్తకము ఆ యింట ఎవరును చదువజాలని కాగితముగా మిగులును.