చిన్న ట్రాక్టరు వెనక ఎంత ట్రక్కు?

కోనసీమ కొబ్బరి తోటలో పెద్ద ట్రాక్టరు తిప్పడం కష్టం. చెట్ల మధ్య పాతికడుగుల ఎడం ఉన్నా అందులోనే కోకో, అరటి, వాటి పక్కన బోదెలు. 15 హార్స్‌పవర్ మహీంద్రా యువరాజ్, 24 హార్స్‌పవర్ కుబోటా నియోస్టార్ లాంటి చిన్న బళ్లు ఇలాంటి చోట్లకే సరిపోతాయి. బండి కొన్నాక రైతుకు వచ్చే మొదటి సందేహం, వెనక ఎంత ట్రక్కు తగిలించాలని.

ఎన్ని బస్తాలు పడతాయని అడిగి బేరం కుదుర్చుకునేవాళ్లే ఎక్కువ. అడగాల్సింది, అంత బరువును ఈ ట్రాక్టరు ఆపగలదా అని. యువరాజ్ బరువు సుమారు 780 కిలోలు. గోదావరి జిల్లాల్లో ధాన్యం బస్తా అంటే 75 కిలోలు. 20 బస్తాలు వేస్తే 1,500 కిలోలు, పైన ట్రక్కు సొంత బరువు. అంటే లాగే బండికి రెండింతలు దాటిన బరువు వెనక ఉంటుంది. చిన్న ట్రక్కులు చాలావాటికి సొంత బ్రేకులుండవు. మొత్తం భారం ట్రాక్టరు బ్రేకుల మీదే పడుతుంది.

డెల్టా అంతా పళ్లెంలా చదునే కదా అనిపిస్తుంది. కానీ 1847లో మొదలుపెట్టి 1852కి కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట కట్టాక ఈ నేలంతా కాలవలే పరుచుకున్నాయి. చేలకు నీరు పారాలంటే కాలవ ఎత్తున ఉండాలి, దాని గట్టు ఇంకా ఎత్తున. పుంతలోంచి గట్టెక్కాలి, వంతెన దాటాలి, అవతల దిగాలి. ఆ దిగుడులోనే ట్రక్కు వెనకనుంచి నెడుతుంది. ట్రాక్టరు వెనక భాగం పక్కకు జారి, బండీ ట్రక్కూ మడతపడతాయి. పక్కనే కాలవ. 2018 జూన్ 24న తెలంగాణలోని యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలంలో కూలీలతో వెళ్తున్న ట్రాక్టరు మూసీ కాలువలో పడి 15 మంది చనిపోయారు. ట్రక్కు సరుకు కోసం చేసింది. నాట్లకు వెళ్లే ఆడవాళ్లను అందులో ఎక్కించడం ఎక్కడ జరిగినా ఆపాల్సిందే.

ఎక్కేటప్పుడు ఇంకో ప్రమాదం. ట్రక్కును కింది డ్రాబార్‌కే తగిలించాలి. పై లింకుకో, ఎత్తుగా ఉన్న మరో చోటికో తగిలిస్తే ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయి. దిగేటప్పుడు గేరు తీసి న్యూట్రల్‌లో దొర్లించకూడదు. ట్రాక్టరుకు కుడి, ఎడమ చక్రాలకు వేర్వేరు బ్రేకు పెడళ్లుంటాయి. చేలో మలుపు తిప్పడానికి అవి విడిగా పనికొస్తాయి. రోడ్డెక్కే ముందు రెండింటినీ కలిపే కొక్కెం వేయాలి. వేయకపోతే ఒక పెడల్ మీదే కాలు పడి, బండి ఒక పక్కకు లాగేస్తుంది.

ఇక తొట్టి కొలత. పొడవు ఆరడుగులు, వెడల్పు నాలుగు, ఎత్తు అడుగున్నర అనుకుందాం. 36 ఘనపుటడుగులు. అందులో విడి ధాన్యం పోస్తే బరువు సుమారు 600 కిలోలు. అదే తొట్టి నిండా తడి ఇసుక పోస్తే ఒకటిన్నర టన్నులు దాటిపోతుంది. కొబ్బరి డొక్కలకు చాలని తొట్టి, ఇసుకకు మితిమీరినదవుతుంది. తొట్టి నిండడాన్ని కొలతగా పెట్టుకోకుండా, ఎంత బరువు లాగవచ్చో కంపెనీ పుస్తకంలో చూసుకోవాలి.

చక్రాలు రెండా, నాలుగా? తోటలకు రెండు చక్రాలదే మేలు. బరువులో కొంత ట్రాక్టరు వెనక చక్రాల మీద పడి బురదలో పట్టు దొరుకుతుంది, వెనక్కి నడపడమూ తేలిక. నాలుగు చక్రాలది తన బరువు తానే మోస్తుంది గానీ వెనక్కి తిప్పడం చేయి తిరిగినవాళ్లకే చేతనవుతుంది. ఇరుకు పుంతలో అది పెద్ద అవస్థ. హైడ్రాలిక్‌తో లేచే తొట్టి కావాలంటే, దాన్ని ఎత్తడానికి సరిపడా నూనె ట్రాక్టరు పంపు ఇస్తుందో లేదో ముందే కనుక్కోవాలి.

పాతది కొనేవాళ్లు రంగు చూసి మోసపోకూడదు. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి చాసిస్ అడుగునుంచి తినేస్తుంది. కిందికి వంగి అతుకుల దగ్గర సుత్తితో తట్టి చూడాలి. తగిలించే రింగు ఒక పక్క అరిగిందేమో వేలితో తడిమి చూడాలి. కాగితాల విషయానికొస్తే, ట్రక్కుకు ట్రాక్టరుతో సంబంధం లేకుండా విడిగా రిజిస్ట్రేషన్, బీమా ఉండాలి. వెనక ఎర్ర రిఫ్లెక్టర్ స్టిక్కర్లు లేకపోతే కొన్న రోజే అంటించాలి. దాళ్వా కోతలప్పుడు రాత్రిళ్లు ధాన్యం ట్రక్కులు రోడ్డు వారనే ఆగి ఉంటాయి, మోటారు సైకిళ్లు వాటి వెనకే వస్తుంటాయి.